రెండు గంటల రిలీవర్

ఇంటికొచ్చినవాళ్లు పోయేటప్పుడు నన్ను మెచ్చుకుంటూ పోవాలనే యావ నాకు వయసులో ఉన్నప్పుడు బాగా ఉండేది. పెట్టే చెయ్యి అని నలుగురూ అనేవాళ్లు. నేనూ అది నమ్మి ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడెవరైనా ఆ మాట అంటే అక్కణ్ణుంచి లేచిపోవాలనిపిస్తుంది. ఆ పేరు కోసం ఒకరోజు నేనేం చేశానో నాకు తెలుసు, నా భార్యకు తెలుసు, ఇంకొకడికి తెలుసు. వాడి పెళ్లి ముందురోజు సంగతి ఇది.

తొంభైల మొదట్లో పటాన్‌చెరులో మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో నేను ఆపరేటర్ని. సంగారెడ్డిలో ఐటీఐ చదివి బయటపడ్డాక మా జట్టులో ముందుగా ఉద్యోగం దొరికింది నాకే. రెండేళ్ల తర్వాత అదే ప్లాంటులో నా దోస్తును పెట్టించాను. 'పెట్టించాను' అని అప్పట్లో రోజుకోసారైనా అనేవాణ్ణి. నిజానికి నేను చేసింది ఇన్‌చార్జి చెవిలో ఒక మాట వేయడం, అంతే. పని వాడు సొంతంగా నేర్చుకున్నాడు, నాకంటే బాగా నేర్చుకున్నాడు. నేను పర్మనెంటు, వాడింకా టెంపరరీ. వాడిది జోగిపేట అవతల ఒక ఊరు. తండ్రి వాడి చిన్నతనంలోనే పోయాడు. తల్లి చెరుకు కోతలకు కూలికి పోయి వాణ్ణి చదివించింది.

మా పని గురించి కాస్త చెప్పాలి. రియాక్టరు అంటే మనిషికి రెండింతల ఎత్తుండే స్టీలు పాత్ర. లోపల మందు ఒక్కో బ్యాచ్‌గా ఉడుకుతూ ఉంటుంది. వేడి గీత దాటబోతుంటే చల్లనీళ్ల వాల్వు తిప్పాలి, తగ్గితే కట్టేయాలి. అది నడుస్తున్నంతసేపు దాన్ని వదిలి పోకూడదు. షిఫ్టు అయిపోయినా సరే, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, లాగ్ బుక్కులో సంతకం పెట్టి, ఇక నువ్వు పో అంటేనే కదలాలి. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే ఇంట్లో పెళ్లయినా చావైనా నువ్వక్కడే. వాడు నడిపే రియాక్టరు పని మొత్తం ప్లాంటులో ముగ్గురికే వచ్చు. పొద్దున ఆరు నుంచి రెండు వరకు వాడు, రెండు నుంచి రాత్రి పది దాకా నేను, తర్వాత ఇంకొకాయన.

పెళ్లికి వాడికి మూడు రోజులు సెలవిచ్చారు. అదీ పెళ్లి రోజు నుంచే. పెళ్లి రోజు రియాక్టరు ఆపి కడిగే రోజు కాబట్టి నాకూ ఆ ఒక్కరోజు సెలవు దొరికింది. ముందురోజు మాత్రం ఇద్దరం డ్యూటీ చేయక తప్పదు. వారం ముందు క్యాంటీన్లో నా పక్కన కూర్చుని అడిగాడు.

"ఆనాడు నువ్వు జెర ముందుగాల రావాలె రా. ఒంటిగంటన్నరకు వస్తే నేను రెండింటి బస్సు పట్టుకుంట. పొద్దూకే వరకు ఇంట్ల ఉండాలె."

"లగ్గం తెల్లారి పదింటికి గదా, గంత తొందరేంది?" అన్నాను.

వాడు అన్నం కలుపుతూ చెప్పాడు. మావైపు పెళ్లికొడుకుకు ముందురోజు సాయంత్రం ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి పసుపు పెడతారు. మేనత్తలు, వదినెలు, పేరంటాళ్లు పెడతారు. భర్త పోయిన ఆడది ఆ గిన్నె ముట్టకూడదంటారు, కన్నతల్లి అయినా అంతే. వాడు మాత్రం మొదటి పసుపు తన తల్లే పెట్టాలని పట్టుబట్టాడు. దాని మీద ఇంట్లో నెల రోజులు కొట్లాట జరిగింది.

"మా పెద్దనాయిన మస్తు గులిగిండు. ఆఖరికి ఒప్పుకున్నడు. ముందురోజు ఇంటోళ్లమే ఉంటం, గప్పుడైతే పెట్టించుకో, తెల్లారి ఆడపిల్లోళ్లు దిగినంక మాత్రం మీ అమ్మ పందిట్లకు రావద్దు అన్నడు. గా ఒక్క సాయంత్రమే దొరికింది నాకు."

"మీ అమ్మ ఏమన్నది?"

"వద్దు బిడ్డా, నీకు మంచిగ కాదన్నది. మళ్ల తెల్లారి లేశి, పసుపు కొమ్ములు నేనే దంచుత, ఎవ్వరికి ఇయ్యకు అన్నది." చెబుతూ వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

"ఒంటిగంటకే వస్త పో. నీ పెండ్లంటే నా పెండ్లి గాదా?" అన్నాను. ఆ మాట ఇస్తున్నప్పుడు నేను అబద్ధం ఆడలేదు. అదొక్కటే నా వైపు నుంచి చెప్పుకోగలిగింది.

మా ఐటీఐ దోస్తులు ఇంకో ఐదుగురున్నారు. ఒకడు రామగుండంలో, ఒకడు బొంబాయిలో, తలా ఒక చోట. పెళ్లికొడుకు ఇల్లు రెండు గదులది, చుట్టాలకే చాలదు. అందుకని అందరికీ నేనే ఉత్తరాలు రాశాను. ముందురోజే పటాన్‌చెరు వచ్చేయండి, మా ఇంట్లో దిగండి, తెల్లవారుజామున మొదటి బస్సుకు కలిసి పోదాం అని. అప్పటికి ఆరు నెలల కిందే నేను స్లాబు ఇంట్లోకి మారాను. కిరాయిదే, అయినా స్లాబు స్లాబే. దాన్ని వీళ్లు చూడాలి, నా సంసారం చూడాలి, నా భార్య చేతి వంట తినాలి. పెళ్లి వాడిదైనా హడావుడి నాది. నాలుగిళ్లు తిరిగి బొంతలు, చాపలు అడిగి తెచ్చాను. మా బోరు నీళ్లకు కంపెనీల వాసన ఉండేది కాబట్టి, తాగడానికి నా భార్య దూరం నల్లా దగ్గర క్యూలో నిలబడి ఆరు బిందెలు పట్టుకొచ్చింది. పొద్దున్నే పోయి యాట మాంసం, బోటి, తలకాయ తెచ్చాను. అనుకున్నదేమిటంటే, వాళ్లు రాగానే కలిసి తిని నేను ఒంటిగంటకు డ్యూటీకి పోవడం, వాళ్లు మిద్దె మీద పడుకుని మాట్లాడుకుంటూ ఉండడం, రాత్రి పదిన్నరకు నేను వచ్చి కలవడం.

పది గంటలకు ఐదుగురూ ఒకే ఆటోలో దిగారు. నాలుగేళ్ల తర్వాత కలిశాం. గుమ్మంలోనే కావిలించుకుని, తిట్టుకుని, పొట్టలు తడుముకుని గోల గోల చేశాం. ఇల్లు చూశారు. "ఏం రా, సేటువైనవు గదా!" అని బొంబాయివాడు అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కడుపు నిండిపోయింది. కల్లు కాంపౌండు నుంచి కల్లు వచ్చింది. బోటి వేపుడు పళ్లెంలోకి వచ్చింది. నేను మధ్యలో కూర్చుని వడ్డిస్తున్నాను, చెబుతున్నాను, నవ్విస్తున్నాను.

పన్నెండున్నరకు నా భార్య తలుపు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. డ్యూటీ బట్టలు మడతపెట్టి చేతిలో పట్టుకుని ఉంది.

"టైమైతున్నది. పాపం ఆయన ఎదురుచూస్తుండు" అంది మెల్లగా.

లోపలినుంచి ఒకడు విన్నాడు. "ఏంది చెల్లె, గింత దూరం నుంచి మేమొస్తే వాణ్ణి డ్యూటీకి తోల్తున్నవా?" అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. "వాడు పోతడు తీ. ఇంట్ల సేటు, కంపెనీల నౌకరు." అందరూ పగలబడి నవ్వారు.

ఊరికే అన్న మాట అది. దోస్తులు అన్నాక అలాగే అంటారు. నవ్వేసి బట్టలు మార్చుకుని పోతే అయిపోయేది. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. "నన్ను తోలేటోడు ఎవడ్రా? నేనొక్క ఫోను కొడితే మా ఇన్‌చార్జి అడ్జస్ట్ చేస్తడు. మా ప్లాంటుల నా మాటంటే మాట" అన్నాను. అన్నాక ఇక ఫోను కొట్టి చూపించక తప్పలేదు. ఇద్దర్ని వెంటేసుకుని రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు పోయాను. ఇన్‌చార్జికి చేయలేదు, ఆ ధైర్యం లేదు. గేటుకు చేశాను. బిహారు సెక్యూరిటీ గార్డు ఎత్తాడు. జ్వరం వచ్చింది, లేవలేకపోతున్నాను, ప్లాంటులో చెప్పమన్నాను. "బుఖార్ హై? ఠీక్ హై, బోల్ దేంగే" అని పెట్టేశాడు. బయట నిలబడ్డవాళ్లకు మాత్రం "అయిపాయె, ఆరాం చెయ్యమన్నడు" అని చెప్పాను.

జనరల్ షిఫ్టు ఆపరేటర్ ఒకడున్నాడు, అతన్ని నిలబెడతారులే అనుకున్నాను. అతనికి ఆ రియాక్టరు రాదని నాకు తెలుసు. అయితే ఇన్‌చార్జే నిలబడతాడులే అనుకున్నాను. ఇన్‌చార్జి ఎప్పుడూ వాల్వు ముట్టిన పాపాన పోలేదని కూడా నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకు నెట్టడం ఎంత సులువో ఆరోజే చూశాను. రెండు గంటలకు సైరన్ మోగింది. మా ఇంటికి బాగా వినబడుతుంది. నా భార్య వంటింట్లో గిన్నెలు తోముతున్నదల్లా ఒక్క క్షణం ఆపింది. నేను తలకాయ కూర గురించి గట్టిగా ఏదో మాట్లాడుతూ ఉన్నాను.

అక్కడ జరిగింది తర్వాత ప్లాంటువాళ్లు చెబితే తెలిసింది. ఒంటిగంటన్నర నుంచి వాడు మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడట. రెండుంపావుకు జ్వరమన్న కబురు పైకి వచ్చింది. నన్ను పంపండి సార్, రేపు నా పెళ్లి అని ఇన్‌చార్జిని అడిగాడట. బ్యాచ్ మధ్యలో ఉంది, విడిచిపెట్టి పోతే మళ్లీ ఈ గేటు లోపలికి రానవసరం లేదన్నాడట ఆయన. టెంపరరీ మనిషి, ఇంటికి కొత్తగా ఒక పిల్ల రాబోతోంది, ఏం చేస్తాడు! ఇంకో ఎనిమిది గంటలు అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం ఐదింటికి మేం మిద్దె మీద ఉన్నాం. "ఈ పాటికి వాడు ఇల్లు చేరి ఉంటడు, పీట మీద కూసోవెట్టి ఉంటరు" అన్నాను నేనే. ఎలా కూర్చుని ఉంటాడో చేసి చూపించాను. బుద్ధిగా తల వంచుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. అందరూ పడీ పడీ నవ్వారు. ఒకడు కిందికి పోయి మా వంటింట్లోంచి పసుపు డబ్బా పట్టుకొచ్చాడు. నన్ను పెళ్లికొడుకు చేసి, ఐదుగురూ కలిసి నా చెంపలకు, గడ్డానికి, మెడకు పసుపు పూశారు. మేనత్తల గొంతుతో పాటలు పాడారు. నా భార్య పైకి వచ్చి చూసి దిగిపోయింది. నేను ఆమెను కూడా రమ్మని పిలిచాను.

రాత్రి అన్నాలు తింటుండగా తలుపు చప్పుడైంది. నా భార్య తీసింది. వాడు. ప్లాంటులో వాడే సాల్వెంటు రసాయనాల వాసన వాడికంటే ముందు లోపలికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంచీలో పెళ్లికి కొనుక్కున్న చెప్పులు కనబడుతున్నాయి.

లోపలికి వచ్చి ఇంకెవర్నీ చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "జరం ఎట్లుంది రా?" అన్నాడు. నా నుదుటి మీద పెట్టడానికి చెయ్యి ఎత్తాడు. అప్పుడు చూశాడు. ఎముకల పళ్లేలు, కల్లు సీసాలు, ఐదుగురు దోస్తులు, నా ముఖం. సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాను కానీ పసుపు పూర్తిగా పోలేదు. ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు.

మిగతావాళ్లకు ఏమీ తెలియదు. "అరే పెండ్లికొడుకు! ఇంట్ల ఉండబుద్ధి గాలేదా?" అని లేచి వాణ్ణి పట్టుకున్నారు.

"డబల్ డ్యూటీ పడ్డది. బస్సులు ఐపోయినయి" అన్నాడు వాడు.

"పెండ్లి ముందురోజు డబల్ డ్యూటీ ఏంది? ఎవడ్రా వాడు నీ రిలీవర్, గంత బుద్ధి లేదా?"

నేను తల వంచి ఎముకల పళ్లేలు సర్దసాగాను. వాడు నా వైపు చూడకుండానే జవాబిచ్చాడు. "వానికి పానం బాగలేదంట."

నా భార్య నీళ్లు కాచింది. వాడు పెరట్లో చాలాసేపు స్నానం చేశాడు. వచ్చి ఆమె పెట్టిన అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. నేను కూర వేయబోతే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మిద్దె మీద అందరి పక్కలూ వేసి ఉన్నాయి, ఆ చివర పడుకున్నాడు. నేను పోయి పక్కన కూర్చుని, "నేనేం అనుకున్ననంటే..." అని మొదలుపెట్టాను.

"పండుకో. నాలుగింటికి లేవాలె" అన్నాడు.

తెల్లవారి మొదటి బస్సు ఎక్కాం, నా భార్యతో కలిపి ఎనిమిది మందిమి. వాడు డ్రైవర్ వెనక సీట్లో ఒక్కడే కూర్చుని దారి పొడవునా ముందుకే చూస్తున్నాడు. దోస్తులు వాణ్ణి కాసేపు ఆటపట్టించి నిద్రలోకి జారారు. నా భార్య నా పక్కనే కూర్చుని కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. సంగారెడ్డి దాటాం, జోగిపేటలో దిగాం, అక్కణ్ణుంచి జీపు మాట్లాడుకుని ఊరు చేరేసరికి ఎనిమిదైంది.

ఆడపిల్లవాళ్ల లారీ అప్పటికే పందిరి ముందు ఆగి ఉంది. వాళ్లంతా చాపల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. పెద్దనాన్న వాణ్ణి చూడగానే మీదికి వచ్చాడు. ఎవరో ఆడమనిషి మూతి తిప్పుతూ చెప్పింది. "రాత్రి పదకొండు దాక మీ అమ్మ పీట ఏసుకుని గడపల కూసున్నది. ఏ బండి సప్పుడైనా లేశి చూసుడే."

వాడు లోపలికి పోయాడు. ఇంటి వెనక పొయ్యిల దగ్గర తల్లి ఉంది. చిన్న మనిషి, తెల్లచీర. నేను తలుపు పక్కనుంచి చూశాను. తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. ఆమె వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది, రాత్రంతా మేల్కొన్న కళ్లను చూసింది. తర్వాత గూట్లోంచి ఒక ఇత్తడి గిన్నె తెచ్చి, పక్కనున్న ఆడబిడ్డ చేతిలో పెట్టింది. తను దంచిన పసుపు. నూనె కలిపి ముందురోజే సిద్ధం చేసింది.

లగ్గం చేసే అయ్యగారు తొందరపెడుతున్నాడు. పందిట్లో పీట వేశారు. వాడు కూర్చుంటూ పెద్దనాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దనాయినా, ఒక్కపాలి అమ్మను..."

"నిన్న రమ్మంటే రాకపోతివి" అన్నాడాయన గొంతు తగ్గించి. "మాటిచ్చిన, కాదన్ననా? ఇప్పుడు ఆడపిల్లోళ్లు గింతమంది కూసున్నంక నన్నేం చెయ్యమంటవు బిడ్డా?"

ఆయన కోపంగా కూడా అనలేదు. వాడు తలతిప్పి ఇంటి గడప వైపు చూశాడు. తల్లి అక్కడ నిలబడి ఉంది. వద్దు అన్నట్టు తల ఊపింది, ఇంకా బతిమాలతాడేమోనని లోపలికి పోయింది. మేనత్త మొదటి పసుపు పెట్టింది. పేరంటాళ్లు పాట అందుకున్నారు.

నేను వాడికి రెండు బారల దూరంలో ఉన్నాను. ఆ క్షణంలో ముందుకు వెళ్లి, తప్పు నాది, వాణ్ణి రాకుండా చేసింది నేను, ఒక్కసారి ఆ తల్లిని పెట్టనివ్వండి అని పెద్దనాన్న కాళ్లు పట్టుకుని ఉండొచ్చు. ఆయన ఒప్పుకునేవాడో లేదో తెలియదు. ఆ మాటైతే పలకాల్సింది. పలకలేదు. ఎందుకంటే పక్కన మా వాళ్లు ఐదుగురు ఉన్నారు. రాత్రి తిని, తాగి, నన్ను సేటు అన్న ఐదుగురు. వాళ్ల ముందు నా పరువు పోతుందని నిలబడ్డచోటే నిలబడ్డాను. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు తలచుకున్నాను. మధ్యాహ్నం చేసినది పొగరు. ఇది పిరికితనం. పొగరును క్షమించుకోగలనేమో కానీ దీన్ని మాత్రం నా వల్ల కాలేదు.

లగ్గం అయింది. భోజనాల దగ్గర ఆ తల్లి వెతుక్కుంటూ మా బంతికి వచ్చింది. చేతిలో లడ్డూల గంప.

"పట్నంచెర్ల ఇల్లున్న పిల్లగాడు నువ్వేనా బిడ్డా?" అంది. మావైపు పెద్దవాళ్లు పటాన్‌చెరును ఇప్పటికీ అలాగే అంటారు.

అవునన్నాను.

"రాత్రి నా కొడుకు అంత పొద్దువోయినంక వస్తే నువ్వే ఇంట్ల పండవెట్టుకున్నవంట గదా. నీ ఇల్లాలు నీళ్లు కాగవెట్టి అన్నం పెట్టిందంట. లేకుంటే నా కొడుకు ఏ బస్టాండుల పండుకుంటుండెనో. నీ కడుపు సల్లగుండ బిడ్డా, నీ ఇల్లు సల్లగుండ." నా విస్తట్లో రెండు లడ్డూలు పెట్టింది. మా వాళ్లు, "అట్ల చెప్పమ్మా, వాడు మస్తుగ జూసుకున్నడు మమ్ముల" అని వంత పాడారు.

ఎదురు బంతిలో ఆడవాళ్లతో కూర్చున్న నా భార్య తింటున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఇప్పుడైనా చెబుతానేమోనని చూసిందనుకుంటాను.

"అయ్యో, గదేముందమ్మా" అన్నాను.

నా భార్య విస్తరి మడిచి లేచిపోయింది.

నాలుగోరోజు వాడు డ్యూటీకి వచ్చాడు. పొద్దుటి షిఫ్టు. నేను ఆరోజు పన్నెండింటికే ప్లాంటుకు పోయాను. చెప్పుకోవాల్సిందంతా రాత్రంతా కూడబలుక్కున్నాను. మెట్లెక్కి రియాక్టరు దగ్గరికి పోయేసరికి వాడు గేజీ చూసి రాసుకుంటున్నాడు. చేతులకు ఇంకా పసుపు ఉంది.

"మీ అమ్మకు నేనే చెప్త రా. మీ ఊరికొచ్చి చెప్త. నేనే చేసిన అని కాళ్లు మొక్కుత" అన్నాను. ఏడుపు వచ్చింది నాకు.

వాడు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గట్టిగా మాట్లాడలేదు, కోపంగా కూడా లేడు. అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"ఏం చెప్తవు? ఆమె రోజు రాత్రి నీ పేరు మీద ఒక దండం పెడ్తున్నది, నా కొడుకుకు మంచి దోస్తున్నడని. ఆమెకు దక్కాల్సింది ఎట్లాగు దక్కలే. ఆ ఒక్కటన్న ఉండనీ. ఆమె కాడ నువ్వు నా దోస్తువే."

ఆమె కాడ. వాడు ఆ మాటను ఒత్తి పలకలేదు. అయినా నాకు అర్థమైంది. లాగ్ బుక్కు నా వైపు జరిపాడు. టెంపరేచర్ ఎంత, ప్రెషర్ ఎంత, ఏ వాల్వు ఎంత తెరిచి ఉంది, అన్నీ ఒక్కొక్కటిగా అప్పజెప్పాడు. నేను సంతకం పెట్టాను. వాడు మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు మేమిద్దరం ఆ ప్లాంటులోనే పనిచేశాం. షిఫ్టులు కలిసినప్పుడల్లా మాట్లాడుకున్నాం. టెంపరేచర్ ఎంత, ప్రెషర్ ఎంత, ఏ వాల్వు ఎంత తెరిచి ఉంది. అంతకు మించి వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.